పీపా ఎవరి నెత్తిన పడింది?

లివర్‌పూల్‌లో స్కాట్లండ్ రోడ్డు మీద బర్న్ అనే ఆయన తన దారిన తాను నడిచి పోతున్నాడు. పక్కనే బోడిల్ అనే పిండి వ్యాపారి కొట్టు. పై కిటికీలోంచి ఓ పిండి పీపా వచ్చి ఈయన మీద పడింది. దెబ్బ తగిలిన సంగతి కూడా ఆయనకి గుర్తు లేదు. దావా వేస్తే కింది కోర్టు, కొట్టువాళ్ళు అజాగ్రత్తగా ఉన్నారనడానికి రుజువేదీ అని కొట్టేసింది. రుజువు ఎక్కణ్ణుంచి తెస్తాడు చెప్పండి? పీపా పడటం చూసినవాళ్ళున్నారు గానీ, పైన ఎవరేం చేశారో చూసినవాడు లేడు.

1863లో పై కోర్టు దీన్ని తిరగేసింది. పీపాలు వాటంతటవే గోదాముల్లోంచి దొర్లిపడవు కదా, ఎలా పడిందో చెప్పుకోవాల్సింది ఆసామే అన్నారు జడ్జీలు. లా చదివినవాళ్ళు రెస్ ఇప్సా లోక్విటర్ అని లాటిన్లో చెప్పేది ఇదే. జరిగిన విషయమే సాక్ష్యం చెబుతుంది అని అర్థం. ఆ బెంచిలో బ్రామ్‌వెల్ అనే జడ్జి ఉన్నాడు. దెబ్బ తిన్నవాడికి కారణం తెలిసే దారి లేదు, తెలిసినవాడేమో నోరు విప్పట్లేదు అని వాదనలు జరుగుతుండగానే కుండబద్దలు కొట్టాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, ఈయన మళ్ళీ వస్తాడు.

రెండేళ్ళ తర్వాత, 1865లో, ఇలాంటిదే ఇంకో కేసు. లండన్ రేవులో క్రేన్ దించుతున్న చక్కెర బస్తాలు ఒక కస్టమ్స్ ఆఫీసరు మీద పడ్డాయి. ఆయనకీ ఇదే సూత్రం వర్తించింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు ఒక్క వేరియబుల్ మారుద్దాం. అదే కొట్టు, అదే తాడు, అదే పీపా. కింద దారిన పోయే దానయ్య బదులు, ఆ కొట్లోనే పనిచేసే హమాలీ ఉన్నాడనుకోండి. అవుట్‌పుట్ ఏమొస్తుంది? దాదాపు సున్నా.

దీనికి కారణం 1837 నాటి ప్రీస్ట్లీ కేసు. ఒక కసాయి దగ్గర పనిచేసే కుర్రాడు. యజమాని మాంసం బండి మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు వేసుకుని వెళ్తుంటే బండి విరిగి, కుర్రాడి తొడ ఎముక విరిగింది. జ్యూరీ 100 పౌన్లు ఇప్పించింది. పై కోర్టులో లార్డ్ ఆబింజర్ ఆ తీర్పు రద్దు చేశాడు. ఆయన భయం వింటే నవ్వొస్తుంది. ఇలా ఒప్పుకుంటే రేపు పనిమనిషి తడి పక్క వేసిందనీ, వంటమనిషి గిన్నెలు సరిగ్గా తోమలేదనీ ఇంట్లో తోటి నౌకర్లు యజమాని మీద కేసులు వేస్తారట! ఈ కేసు ఆధారంగానే 'తోటి పనివాడి' సూత్రం పెరిగి పెద్దదైంది. సాటి కూలీ చెయ్యి జారి నీకు దెబ్బ తగిలితే యజమానికి సంబంధం లేదు, ఆ రిస్కు నీ జీతంలోనే కలిపి ఉంది అని. ఫ్యాక్టరీలో, రేవులో, గనిలో ఏదైనా నెత్తిన పడేది సాధారణంగా సాటి కూలీ చేతిలోంచేగా? యజమాని స్వయంగా పైకెక్కి పీపా దొర్లించడు కదా.

అంటే కోర్టు అడిగిన ప్రశ్న 'ఎవరు పడేశారు' అని కాదు, 'నువ్వు ఎవరి మనిషివి' అని. బయటివాడివైతే డబ్బులు, లోపలివాడివైతే ఓదార్పు.

ఇది మారటానికి చాలా ఏళ్ళు పట్టింది. 1880లో ఒక చట్టం వచ్చి కొన్ని సందులు తెరిచింది. అసలు మలుపు 1891 నాటి స్మిత్ కేసు. రైల్వే లైను కోసం రాయి తొలిచే పని. స్మిత్ కింద రాతికి రంధ్రాలు కొడుతుంటే క్రేన్ అతని తల మీదుగా రాళ్ళు తీసుకెళ్ళేది. ఓ రాయి జారింది. ప్రమాదమని తెలిసీ అక్కడ పనిచేశాడు కాబట్టి ఒప్పుకున్నట్టే అని కంపెనీ వాదన. ఇక్కడా జ్యూరీ ఇచ్చింది 100 పౌన్లే, ఇక్కడా మధ్యలో ఓ కోర్టు లాగేసుకుంది. చివరికి హౌస్ ఆఫ్ లార్డ్స్ తిరిగి ఇప్పించింది. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నారు.

అయిదుగురిలో ఒక్కాయన మాత్రం కుదరదన్నాడు. ఎవరో ఊహించారా? బ్రామ్‌వెల్. అప్పటికి 83 ఏళ్ళు, లార్డ్ కూడా అయ్యాడు. ఆ జీతానికి ఆ రిస్కు గిట్టుబాటు అనుకునే పనిలో చేరాడు, ఇప్పుడు నష్టపరిహారం ఏమిటని ఆయన వాదన. బర్న్ మీద అంత జాలిపడ్డ మనిషేనా అనిపిస్తుంది. నాకైతే ఆయన దుర్మార్గుడిగా కనపడడు. కాంట్రాక్టు అనే మాట మీద ఆయనకి మతమంత నమ్మకం. దారిన పోయేవాడు ఏ ఒప్పందమూ చేసుకోలేదు, కూలీ చేసుకున్నాడు, అంతే తేడా. ఇంటిదగ్గర పిల్లలు పస్తులుంటే చేసుకున్న ఒప్పందం ఎలాంటిదో మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు. మనం ఆఫర్ లెటర్లో ఎన్ని పేజీలు చదివి సంతకం పెడతాం?

1897 చట్టంతో అసలు తప్పెవరిదన్న ప్రశ్నే పక్కకి పోయింది. పనిలో దెబ్బ తగిలిందా, డబ్బు ఇవ్వు. అయితే కట్టడాల విషయంలో ఓ మెలిక పెట్టారు, పరంజా కట్టి కడుతున్న భవనం 30 అడుగులు దాటి ఉండాలి. 29 అడుగుల గోడ మీంచి పడే ఇటుక మెత్తగా ఉంటుంది కాబోలు! 1906లో ఆ మెలిక తీసేశారు.

మన దగ్గరికి ఇది 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టంగా వచ్చి 1924 జులై 1 నుంచి అమలైంది. ప్రాణానికి, అవయవాలకి పట్టిక వేసిన చట్టం. బొటనవేలు పోతే 30 శాతం. 30 ఏళ్ళ మనిషికి గుణకం 207.98. 2020 జనవరి నుంచి లెక్కకి తీసుకునే నెల జీతం 15,000 దాటకూడదు. చనిపోతే అందులో సగాన్ని గుణకంతో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. ఎక్సెల్‌లో ఒక వరస ఫార్ములా. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, ప్రీస్ట్లీకి ఈ ఒక్క వరస కూడా లేదు.

నాకు ఇందులో బాగా నచ్చింది 12వ సెక్షన్. కాంట్రాక్టరు కింద పనిచేసే కూలీకి దెబ్బ తగిలితే, పని చేయించుకుంటున్న అసలు కంపెనీ కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. 'నువ్వు ఎవరి మనిషివి' అన్న పాత ప్రశ్నకి ఇది జవాబు. 2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చి ఈ చట్టం అందులో కలిసిపోయింది, ఈ ఏర్పాటు మాత్రం కోడ్‌లోనూ ఉంది.

కాగితం మీద జవాబుంది. 2019 సెప్టెంబరులో అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద వానకి నిలబడ్డ ఓ యువతి మీద కాంక్రీటు పెచ్చు ఊడిపడి ఆమె చనిపోయింది. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది, తెలియాల్సిందే. గచ్చిబౌలి వైపు ముప్ఫై అంతస్తుల సైటులో సెంట్రింగ్ చెక్క జారి ఓ ఒడిషా కుర్రాడి భుజం విరిగితే తెలిసేది మేస్త్రీకి, ఆస్పత్రికి. లేబర్ ఆఫీసులో కేసు వేయాలంటే ఆ సైటులో పనిచేసినట్టు ముందు చూపించాలి. నియామక పత్రం ఉండదు. హాజరు మేస్త్రీ నోటుబుక్కులో ఉంటుంది, ఇంటిపేరు లేకుండా, చాలాసార్లు పెన్సిల్‌తో.