నీటిలో నిలిచిన ముఖము

బెంగాలు-నాగపూరు రైలుమార్గమున వెలసిన పట్టణము ఖరగ్‌పూరు. 1900లో ఉత్తరమున రూపనారాయణ నదిపైనను, దక్షిణమున గోదావరిపైనను వంతెనలు సిద్ధమగుటతో కలకత్తాకును తీరాంధ్రమునకును ఈ కూడలి మీదుగా రాకపోకలు సుగమమైనవి. రైల్వే కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములెన్నో అచ్చటనే స్థిరపడినవి. జీవనోపాధికై తెలుగువారు ఉత్తరమునకు పోవుచున్న ఆ కాలముననే, ఉత్తరమునుండి ఒక చిత్రకళాపద్ధతి తెలుగునాటికి వచ్చినది. 1920 దశకములో వంగ చిత్రకారుడు ప్రమోదకుమార ఛటోపాధ్యాయుడు బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించినాడు; అడివి బాపిరాజు ఆయన శిష్యుడు.

ఆ పద్ధతికి 'వాష్' అని పేరు. 1903లో జపానునుండి కలకత్తాకు వచ్చిన యొకొయామా తైకాన్, హిషిదా షున్సోల పనితీరును గమనించి అవనీంద్రనాథ ఠాకూరు దీనిని రూపొందించినాడు. తైకాన్ తడికుంచెతో కాగితమును తడుపగా, అవనీంద్రుడు బొమ్మనంతటిని నీట ముంచినాడు. రంగు వేసి, ఆరనిచ్చి, ముంచి, మరల వేయగా అదనపు రంగు నీట కలిసిపోయి, మిగిలినది కాగితములో ఇంకి మంచుతెర వంటి మెత్తదనము కలుగును.

పురాణపాత్రలకు ఇది చక్కగా అమరినది. అవనీంద్రుని 1905 నాటి 'భారతమాత' ఏ ఒక్క స్త్రీ ముఖమును కానక్కరలేదు. కాని ఎదుట కూర్చున్న వ్యక్తిని చిత్రించునపుడు ఈ గుణమే దోషము కాగలదు. మంచులో అందరి ముఖములును ఒక్కటే. అనుకర్తల చేతిలో అరమోడ్పు కన్నులు, సన్నని వ్రేళ్లు మిగిలి, మనిషి మాయమైనాడు.

అవనీంద్రుని అన్న గగనేంద్రనాథుడు వేరు దారి చూపినాడు. రవీంద్రుని 'జీవనస్మృతి'కి 1912లో ఆయన నల్లసిరాతో వేసిన బొమ్మలలో కుంచె స్వేచ్ఛగా సాగినది. వివరములు స్వల్పము, అయినను వెలుగునీడలు, నిలుచున్న తీరు ఆ మనుషులను తెలుపును.

నీటిరంగుల ముఖచిత్రమునకును ఇదియే కీలకము. నుదురు, చెంప తడికాగితముపై ఒకదానిలోనొకటి పారవచ్చును. కనుగుంటలోని నీడ, పెదవుల నడిమి గీత మాత్రము తడి తగ్గువరకు ఆగి వేయవలెను. వెలుగు పడినచోట కాగితపు తెలుపునే విడువవలెను. నూనెరంగు వలె ఇది దిద్దుబాటును సులభముగా సహింపదు. కావున చేయి ఎంత స్వేచ్ఛగా కదలవలెనో, కన్ను ముందుగా అంత నిశితముగా చూడవలెను.

రైలుకూడలిలో దిగిన జనసమూహమున తనవారిని దూరమునుండియే పోల్చుకొనువాడు కనుబొమల వెండ్రుకలను లెక్కింపడు. తల వంపు, భుజముల వాలు వానికి చాలును. స్వేచ్ఛగా సాగు కుంచెకు కావలసినది ఆ ఎరుకయే. అది లేనిచో మిగులునది నీటిమరక మాత్రమే.