పెట్టె కింద నీడ

బాక్స్-షాడో అని ఒక్క లైను రాస్తే చాలు, పెట్టె కింద నీడ పడిపోతుంది. ఇవాళ కొత్తగా కోడింగ్ మొదలెట్టిన కుర్రాళ్ళకి ఇదసలు విషయమే కాదు. కానీ ఈ ఒక్క లైను కోసం వెబ్ జనాలు పదేళ్ళకి పైనే ఎదురుచూశారండీ.

మొదట్లో నీడంటే బొమ్మే. ఫోటోషాప్‌లో గీసి, ముక్కలు కోసి, టేబుల్ గళ్ళలో అతికించేవాళ్ళు. మధ్య గడిలో సరుకు, చుట్టూ నీడ ముక్కలు. 56 కేబీ డయలప్ మీద ఒక్కో ముక్కకీ విడిగా ఓ రిక్వెస్టు. మనిషి ముందొచ్చేస్తే నీడ వెనకాల తీరిగ్గా నడిచొచ్చేది :)

మైక్రోసాఫ్ట్ వాడు 1997లోనే ఐఈ 4లో నీడ ఫిల్టర్ పెట్టాడు, అది వాడి బ్రౌజర్లో తప్ప ఇంకెక్కడా పనిచెయ్యదు. 1998 మేలో వచ్చిన సీయస్సెస్ 2లో అక్షరాలకి టెక్స్ట్-షాడో ఇచ్చారు, పెట్టెకి ఇవ్వలేదు. దాన్నీ బ్రౌజర్లు పెద్దగా పట్టించుకోకపోయేసరికి 2.1లో పీకేశారు.

నాకు బాగా నచ్చే ఘట్టం 2004. ఎ లిస్ట్ అపార్ట్‌లో సెర్జియో విల్యారియల్ ఓ కిటుకు రాశాడు. బొమ్మని ఓ డివ్‌లో పెట్టి, ఆ డివ్‌కి నీడని బ్యాక్‌గ్రౌండ్‌గా వేసి, లోపలి బొమ్మని మైనస్ మార్జిన్‌తో నాలుగారు పిక్సెళ్ళు పైకీ, ఎడమకీ లాగడం. అంటే నీడ కదలదు, వస్తువే పక్కకి జరుగుతుంది! నీడ ఫైలు కూడా దండగనుకుంటే వెనక డివ్‌కి ఉత్త బూడిదరంగు వేస్తే సరి. అంచు మెత్తగా రాదు గానీ డౌన్లోడు బరువు దాదాపు సున్నా. మెత్తటి అంచే కావాలంటే పారదర్శకమైన పీయన్జీ ఉండాలి, ఐఈ 6కి అది చేతకాదు. 2006లో ఐఈ 7 వచ్చేదాకా ఐఈకి జిఫ్, మిగతావాళ్ళకి పీయన్జీ అని రెండు నీడలు మోశాం.

తర్వాత బాక్స్-షాడో వచ్చింది, ముందు సఫారీలో, 2009 జూన్లో ఫైర్‌ఫాక్స్ 3.5లో. ఎవరి తోక వాళ్ళు తగిలించుకున్నారు, వెబ్‌కిట్ అని ఒకరు, మోజ్ అని ఇంకొకరు. ఒక్క నీడకి మూడు లైన్లు. జనం దాన్ని వాడుకుంటూ ఉండగానే 2009 డిసెంబర్లో డబ్ల్యూత్రీసీ వాళ్ళు ఇంకా చర్చించాలంటూ స్పెక్ నుంచి తీసేశారు! అప్పుడు తిట్టినవాళ్ళే ఎక్కువ. నా మటుకు నాకు ఆ ఆలస్యం మంచిదే అనిపిస్తుంది. తిరిగొచ్చిన స్పెక్‌లో బ్లర్ అంటే ఏంటో లెక్క కట్టి రాశారు: ఇచ్చిన విలువలో సగం స్టాండర్డ్ డీవియేషన్‌గా గాసియన్ బ్లర్. పది పిక్సెళ్ళంటే ఇక ఏ బ్రౌజర్లోనైనా పది పిక్సెళ్ళే. 2011 మార్చిలో ఐఈ 9 తోక లేకుండానే దాన్ని తెచ్చింది.

అక్షరాల నీడ కూడా 2012లో ఐఈ 10తో అన్ని పెద్ద బ్రౌజర్లకీ చేరింది. దాన్ని తెలుగు మీద మాత్రం చూసి వాడండి. 14 పిక్సెళ్ళ అక్షరానికి మెత్తటి నీడ వేస్తే వత్తులూ, గుడులూ కలిసి ముద్దైపోతాయి.