టై-బ్రేక్: అంతులేని సెట్‌కు పడిన అడ్డుకట్ట

1969 వింబుల్డన్ మొదటి రౌండ్‌లో చార్లీ పసరెల్ తొలి సెట్‌ను 24-22తో గెలిచాడు. రెండో సెట్ ముగిసేసరికి చీకటి పడింది. మర్నాడు కోర్టుకొచ్చిన ప్రత్యర్థి, 41 ఏళ్ల పాంచో గొంజాలెజ్, ఏడు మ్యాచ్ పాయింట్లు కాచుకుని 22-24, 1-6, 16-14, 6-3, 11-9తో నెగ్గాడు. 112 గేములు, 5 గంటల 12 నిమిషాలు!

అప్పటి నిబంధన ఒక్కటే: సెట్ దక్కాలంటే ఆరు గేములు చాలవు, రెండు గేముల ఆధిక్యం ఉండాలి. బంతి వేగంగా దూసుకుపోయే పచ్చిక కోర్టుల మీద ఎవరి సర్వీసు వాళ్లు నిలబెట్టుకుంటూ పోతే ఆ ఆధిక్యం ఎప్పటికీ రాదు.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు అమెరికాలోని న్యూపోర్ట్‌కు చెందిన జిమ్మీ వాన్ ఆలెన్. 1954లో అక్కడ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌ను స్థాపించిందీ ఆయనే. 15, 30, 40 అనే లెక్కనే తీసేసి టేబుల్ టెన్నిస్‌లా ఒకటి, రెండు, మూడు అని లెక్కించాలని వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు కానీ, అందులోంచే టై-బ్రేక్ నిలబడింది.

1970 యూఎస్ ఓపెన్ దాన్ని తొలిసారి గ్రాండ్‌స్లామ్‌లోకి తెచ్చింది. స్కోరు 6-6కి చేరితే కోర్టు దగ్గర ఎర్రజెండా ఎగిరేది. ఐదు పాయింట్లు ముందు సాధించినవాళ్లదే సెట్. 4-4 వస్తే తర్వాతి ఒక్క పాయింటే ఇద్దరి తలరాత తేల్చేది. ప్రేక్షకులకు పండగే, ఆటగాళ్లకు మాత్రం ప్రాణసంకటం. వాళ్ల అభ్యంతరాల్లో న్యాయముంది. రెండు గంటలు కష్టపడి ఆడినవాడి ఫలితాన్ని ఒక్క బంతికి వదిలేయడం సబబు కాదు. అందుకే 1975లో యూఎస్ ఓపెన్ ఇప్పుడు మనం చూస్తున్న పద్ధతికి మారింది: కనీసం ఏడు పాయింట్లు, రెండు పాయింట్ల తేడా. మొదటి ఆటగాడు ఒక్క సర్వీసు చేస్తాడు, ఆపైన ఇద్దరూ రెండేసి చొప్పున. ప్రతి ఆరు పాయింట్లకూ కోర్టు వైపులు మారతారు.

స్కోరు రాయడంలోనూ ఒక అలవాటు ఏర్పడింది. ఆంగ్ల పత్రికలు 7-6 (4) అని రాస్తే, ఆ నాలుగు ఓడినవాడి పాయింట్లు. మన క్రీడా పేజీలు ఎక్కువగా రెండు అంకెలూ ఇచ్చి 7-6 (7-4) అంటాయి. కొత్త పాఠకుడికి ఇదే సుళువు.

వింబుల్డన్ 1971లో 8-8 దగ్గర, 1979 నుంచి 6-6 దగ్గర టై-బ్రేక్‌ను అనుమతించింది. మరుసటేడే దాని సత్తా లోకానికి తెలిసింది. 1980 ఫైనల్ నాలుగో సెట్‌లో బోర్గ్, మెకెన్రో 34 పాయింట్ల పాటు తలపడ్డారు. ఆ టై-బ్రేక్‌లోనే ఐదు మ్యాచ్ పాయింట్లు కాచుకున్న మెకెన్రో 18-16తో సెట్ లాక్కున్నాడు. మ్యాచ్ మాత్రం బోర్గ్‌దే.

అయితే యూఎస్ ఓపెన్ తప్ప మిగతా గ్రాండ్‌స్లామ్‌లు నిర్ణాయక సెట్‌ను మాత్రం పాత పద్ధతికే వదిలేశాయి. దాని ఫలితం 2010లో వింబుల్డన్ 18వ నంబరు కోర్టులో కనిపించింది. ఇస్నర్, మహూల ఐదో సెట్ ఒక్కటే 8 గంటల 11 నిమిషాలు సాగింది. 47-47 దగ్గర స్కోరు బోర్డే మొరాయించింది. మూడో రోజున ఇస్నర్ 70-68తో గెలిచాడు. ఒంట్లో శక్తి మిగలక తర్వాతి రౌండ్‌లో 0-6, 3-6, 2-6తో ఓడిపోయాడు. ఆ పోరాటం గొప్పదే, కానీ గెలిచినవాణ్ణి మర్నాటికి ఆటకు పనికిరాకుండా చేసే నిబంధన గొప్పది కాదు.

2018 సెమీఫైనల్లో ఆండర్సన్, ఇస్నర్ 26-24 దాకా వెళ్లాక వింబుల్డన్ దిగొచ్చింది. 2019లో 12-12 దగ్గర టై-బ్రేక్ పెట్టింది. ఆ ఏడాది ఫైనలే అక్కడిదాకా వచ్చింది. రెండు మ్యాచ్ పాయింట్లు చేజార్చుకున్న ఫెదరర్‌పై జొకోవిచ్ మూడు టై-బ్రేక్‌లూ గెలిచి కప్పు అందుకున్నాడు.

డబుల్స్‌లో మార్పు ఇంకా ముందుకెళ్లింది. చాలా టోర్నీల్లో మూడో సెట్ బదులు పది పాయింట్ల టై-బ్రేకే ఆడిస్తారు. 2014 యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా, బ్రూనో సోరెస్‌తో కలిసి 6-1, 2-6, 11-9తో టైటిల్ గెలిచింది ఆ పద్ధతిలోనే.

2022లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ ఒక్క మాట మీదికొచ్చాయి. నిర్ణాయక సెట్ 6-6కి చేరితే పది పాయింట్ల టై-బ్రేక్. ఏడు పాయింట్ల కంటే ఇది న్యాయమైనది. ఒకటి రెండు పొరపాట్ల నుంచి కోలుకునే వ్యవధి ఇస్తుంది, ఆటగాడి ఒళ్లు హూనం కాకముందే ఫలితం తేలుస్తుంది. ఈ నిబంధన ఉన్నంతకాలం 70-68 రికార్డు చెరిగే అవకాశం లేదు.