ఎవరి తుపాకీ, ఎవరి పేరు

షికారు అనగానే మన హైదరాబాదు పెద్దలకు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866–1911) గుర్తుకు వస్తారు. రాజా దీన్‌దయాళ్ తీసిన ఆ కాలపు ఫోటోలు మనలో చాలామంది చూసే ఉంటారు. నేల మీద చచ్చిన పులి, వెనకాల తుపాకులతో దొరలు. అంచుల్లో నిలబడ్డవాళ్ళ సంగతి ఎవరూ అడగరు. అడవిలో కేకలు పెట్టి, డప్పులు కొట్టి పులిని తుపాకీ ముందుకు తోలింది మాత్రం అటువంటివాళ్ళే.

షికారు పుస్తకాలూ ఎక్కువగా ఇంతే. ఏ కంపెనీ రైఫిలు, ఎంత బోరు, ఎన్ని గజాల దూరం - ఈ లెక్కలకు లోటుండదు. నైనితాల్‌లో పుట్టిన జిమ్ కార్బెట్ (1875–1955) కొంత వేరనిపిస్తాడు. ఆయన "మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్" 1944లో వెలువడింది. మొదటి ముద్రణ మీద వచ్చిన రాబడిని యుద్ధంలో చూపు పోయిన సిపాయిల సహాయానికి ఇచ్చేశాడు. మన సంఘం సభ్యులు గుర్తుంచుకోదగిన మాట.

అందులో చంపావత్ ఆడపులి కథ ఉంది. నేపాల్‌లోనూ కుమావూన్‌లోనూ కలిపి ఆ పులి 436 మందిని పొట్టన పెట్టుకుంది. 1907లో దాన్ని చంపడానికి ఒప్పుకున్నప్పుడు కార్బెట్ రెండు షరతులు పెట్టాడు. ప్రభుత్వం ప్రకటించిన బహుమతి రద్దు చెయ్యాలి, మిగతా వేటగాళ్ళను వెనక్కి పిలవాలి. డబ్బు కోసం పులిని చంపాడని అనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

చంపావత్ తహసీల్దారు ఊళ్ళన్నీ తిరిగి 298 మందిని పోగుచేశాడు. వాళ్ళు కొండ మీంచి కేకలు వేస్తూ పులిని కిందికి తోలారు. అంతకంటే అవసరం రాదులే అని కార్బెట్ వెంట తెచ్చుకున్నవి మూడే తూటాలు! మూడూ అయిపోయాయి. గాయపడిన పులి ఎదురుగా బండ మీద నిలబడింది. పరుగున వెళ్ళి తహసీల్దారు చేతిలోని పాత తుపాకీ అందుకున్నాడు. చూస్తే అది అరిగి, గొట్టానికీ వెనక భాగానికీ మధ్య సందు కనిపిస్తోంది. అయినా దానితోనే కాల్చాడు. నోటికి గురిపెడితే పంజాకు తగిలింది. పులి అప్పటికే కొన ఊపిరితో ఉంది గనుక ఆ దెబ్బకే ఒరిగిపోయింది.

తరువాత దాని నోరు తెరిచి చూశారు. కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. పై కోర సగానికి, కింది కోర ఎముక దాకా. ఎప్పుడో తగిలిన తుపాకీ దెబ్బ అది. ఆ కోరలతో అడవి జంతువులను పట్టలేకనే మనుషుల మీద పడింది. అంటే 436 మంది చావుకు మూలం ఒక గురి తప్పిన తూటా. గాయపరిచి వదిలేసి ఇంటికి పోయిన ఆ వేటగాడి పేరు కార్బెట్ పుస్తకంలోనూ లేదు. ఏనుగు మీద ఎక్కి పులిని కొట్టినవారి గొప్పలు చదివేటప్పుడల్లా నాకు ఈ కోరలే గుర్తొస్తాయి. వాళ్ళ చేతుల్లోంచి గాయాలతో తప్పించుకున్న పులులు ఎన్నో!

కొన్ని నెలలకు నైనితాల్ దర్బారులో లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ తహసీల్దారుకు ఒక తుపాకీ, కార్బెట్ వెంట ఉన్న మనిషికి ఒక వేట కత్తి బహూకరించాడు. కార్బెట్‌కు దక్కింది .275 రిగ్బీ రైఫిలు, దాని మీద వెండి రేకు, రేకు మీద పేరు.

లోకానికి తెలిసింది ఆ రిగ్బీయే. 1918 నుంచి 1926 దాకా కేదారనాథ్, బదరీనాథ్ యాత్రికుల దారిలో 125 మందిని చంపిన రుద్రప్రయాగ చిరుతను పడగొట్టిందీ అదే. టార్చిలైటు కట్టి, చీకట్లో మామిడి చెట్టు మీద కూర్చుని కాల్చాడు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో దహనానికి మనుషులు లేక అడవిలో వదిలేసిన శవాలు తిని చిరుత ఆ రుచి మరిగిందని ఆయన అభిప్రాయం.

తరువాత తరువాత ఆయన రైఫిలు తగ్గించి కెమెరా పట్టాడు. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడు ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. రిగ్బీ రైఫిలు చివరికి దాన్ని తయారుచేసిన లండను కంపెనీ చేతికే చేరింది. 2016లో వాళ్ళు దాన్ని ఒకసారి కుమావూన్ కొండలకు తీసుకువచ్చి ఆ ఊళ్ళవాళ్ళకు చూపించి వెళ్ళారు.