రోగి సంరక్షకుల స్వీయ సంరక్షణ

దీర్ఘవ్యాధి, వైకల్యం లేదా వార్ధక్యం వల్ల మంచం పట్టిన ఆత్మీయులను ఇంటివద్ద కనిపెట్టుకొని ఉండేవారు తమ ఆరోగ్యాన్ని, నిద్రను, మనశ్శాంతిని, జీవనోపాధిని కాపాడుకొనడానికి చేసుకొనే ఏర్పాట్లను రోగి సంరక్షకుల స్వీయ సంరక్షణ అంటారు. పేరులో "స్వీయ" అని ఉన్నప్పటికీ ఇది ఒంటరిగా సాధ్యమయ్యే పని కాదు. రాత్రింబవళ్ళు రోగి పక్కన ఉన్న మనిషికి విశ్రాంతి తీసుకొమ్మని చెప్పినంత మాత్రాన విశ్రాంతి దొరకదు. ఆ సమయంలో రోగి దగ్గర మరొకరు కూర్చోవాలి. కనుక ఈ విషయం సంరక్షకులకు ఎంత అవసరమో వారి చుట్టూ ఉన్న బంధువులకు, ఇరుగుపొరుగులకు అంతే అవసరం. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ప్రధానంగా నెల్లూరు తీరానికి చెందినవి.

పదం, చరిత్ర

తెలుగులో ఈ పని చేసేవారికి స్థిరపడిన పేరు లేదు. "సంరక్షకుడు" అనే మాట పాఠశాల దరఖాస్తులలో "తండ్రి/సంరక్షకుడు" అనే గడి ద్వారా అందరికీ పరిచయమైనదే గాని, అక్కడ దాని అర్థం వేరు. మైనరు తరఫున సంతకం చేసే అధికారం కలవాడని. ఆసుపత్రులలో "అటెండెంటు" అంటారు. ఇళ్ళలో "దగ్గరుండి చూసుకొనే మనిషి" అంటారు. పేరు లేని పని లెక్కలోకి రావడం కష్టం.

ఆయుర్వేదంలో మాత్రం ఈ వ్యక్తికి స్పష్టమైన స్థానం ఉన్నది. చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉపచారం తెలిసి ఉండడం, నేర్పు, రోగిపై అనురాగం, శుచి అనే నాలుగు గుణాలు ఉండాలన్నారు. ఆ నాలుగింటిలో పరిచారకుని విశ్రాంతి ప్రస్తావన లేదు. నేటికీ మన ఇళ్ళలో అంచనా ఇంచుమించు అదే.

ఆధునిక కాలంలో ఈ విషయాన్ని ప్రజల దృష్టికి తెచ్చినవారిలో బ్రిటన్‌కు చెందిన మేరీ వెబ్‌స్టర్ ముఖ్యురాలు. వృద్ధులైన తల్లిదండ్రుల కోసం ఉద్యోగం వదులుకొన్న ఈమె, తనవంటి అవివాహిత స్త్రీల స్థితిని గూర్చి 1963లో పత్రికలకు లేఖలు వ్రాసింది. 1965లో అటువంటి వారి కోసం ఒక జాతీయ మండలి ఏర్పడింది. 1976లో బ్రిటన్ ప్రభుత్వం సంరక్షకులకు భత్యం ప్రవేశపెట్టినా, వివాహిత స్త్రీలను అందులోనుండి మినహాయించింది. ఇంట్లో ఉండి సేవ చేయడం భార్యకు ఎలాగూ విధి కదా అన్నది దాని వెనుక ఆలోచన. న్యాయస్థానం దాకా వెళ్ళిన పిమ్మట 1986లో గాని ఆ మినహాయింపు తొలగలేదు.

నెల్లూరు తీరంలో పరిస్థితి

కావలి మండలం తుమ్మలపెంట మొదలుకొని ఇసకపల్లి, రామతీర్థం, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం మీదుగా దక్షిణాన తూపిలిపాళెం, పులికాట్ సరస్సు వరకు గల తీరంలో మత్స్యకార గ్రామాలు, వాటి వెనుక వరి పొలాలు, రొయ్యల చెరువులు ఉన్నాయి. కొన్ని పల్లెలు సముద్రానికి, బకింగ్‌హాం కాలువకు నడుమ ఉన్నవి. రోగిని నెల్లూరు ఆసుపత్రికి తీసుకొనిపోవడమంటే ఒక రోజు కూలి పోవడమే. పెద్ద జబ్బులకు తిరుపతి, వెల్లూరు, చెన్నై వెళ్తారు. అక్కడ రోగికి మంచం దొరుకుతుంది; వెంట వచ్చిన మనిషి వరండాలో చాప పరచుకోవాలి.

మత్స్యకార కుటుంబాలలో పురుషులు తెల్లవారకముందే పడవలపై వేటకు వెళ్తారు. ఒడ్డుకు చేరిన చేపలను గంపలలో ఊళ్ళకు తీసుకొనిపోయి అమ్మడం, మిగిలినవి ఉప్పు పట్టించి ఎండబెట్టడం చాలావరకు స్త్రీల పని. ఇంట్లో ఒకరు పక్షవాతంతో పడిపోతే ముందుగా ఆగిపోయేది ఆ గంప. అంటే సంరక్షకురాలికి రెండు నష్టాలు ఒక్కసారే వస్తాయి: పని పెరుగుతుంది, సొంత రాబడి పోతుంది. వ్యవసాయ కుటుంబాలలో తంటా మరొక రకం. పిల్లలు చెన్నై, బెంగుళూరు, అమెరికాలలో ఉంటారు. డెబ్బై ఏళ్ళ భార్య డెబ్బై అయిదేళ్ళ భర్తను లేవనెత్తవలసి వస్తుంది. డబ్బు వస్తుంది గాని చేయి రాదు.

2024లో కేంద్రప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, దేశంలో 15-59 సంవత్సరాల స్త్రీలలో 41 శాతం మంది ఇంటివారి సంరక్షణలో పాల్గొన్నారు, పురుషులలో 21.4 శాతం మంది. పాల్గొన్న స్త్రీలు రోజుకు సుమారు 140 నిముషాలు, పురుషులు 74 నిముషాలు వెచ్చించారు. పిల్లల పెంపకం కూడా ఇందులో చేరి ఉన్నది కనుక రోగుల సేవకు ఈ అంకెలను నేరుగా అన్వయించరాదు. పని ఎటు మొగ్గి ఉన్నదో చూడడానికి మాత్రం చాలును.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల చేపలవేట నిషేధం. రాబడి ఉండదు కనుక ఇది కష్టకాలమే. ప్రభుత్వం ఇచ్చే నిషేధకాల భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు. అయితే ఏడాదిలో మగవారు వరుసగా ఇంటిపట్టున ఉండేది ఈ రెండు నెలలే. రోగికి స్నానం చేయించడం, పక్క మార్చడం, మందుల వేళలు కొడుకులకు, అల్లుళ్ళకు నేర్పడానికి ఇంతకన్న మంచి అదను లేదు. అప్పుడు నేర్చుకొన్నవాడు మిగతా పది నెలలలో కనీసం రాత్రి వంతు తీసుకోగలడు. వలలు బాగుచేయడంతో పాటు ఈ పనీ ఆ రోజుల జాబితాలో చేరవలసి ఉన్నది.

సంరక్షణ భారం

1999లో అమెరికాలో రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ ప్రకటించిన అధ్యయనంలో, జీవిత భాగస్వామికి సేవ చేస్తూ ఒత్తిడికి గురవుతున్న వృద్ధులలో నాలుగేళ్ళ కాలంలో మరణాల ముప్పు, అటువంటి బాధ్యత లేనివారి కంటే 63 శాతం అధికంగా కనబడింది. సేవ చేస్తున్నా ఒత్తిడి లేదన్నవారిలో అంతటి తేడా కనబడలేదు. ఈ రెండవ విషయం గమనించదగినది. ఈ భారాన్ని కొలవడానికి స్టీవెన్ జారిట్ 1980లో రూపొందించిన ప్రశ్నావళిని వైద్యులు వాడుతారు. నేడు వాడుకలో ఉన్న రూపంలో 22 ప్రశ్నలు, 88 మార్కులు ఉంటాయి. మతిమరుపు వ్యాధిగ్రస్తుల కుటుంబాల కోసం నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ 1981లో వ్రాసిన పుస్తకానికి "36 గంటల రోజు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

ప్రశ్నావళి లేకున్నా ఇంటివారు గుర్తించగల లక్షణాలు కొన్ని ఉన్నాయి. అవకాశం దొరికినా నిద్ర పట్టకపోవడం, చిన్న విషయానికి రోగిపై కేకలు వేసి పిమ్మట ఏడవడం, తన బి.పి., షుగరు మందులు మరచిపోవడం, పేరంటాలకు, గుడికి, చర్చికి పోవడం మానుకోవడం వాటిలో ముఖ్యమైనవి. "ఈ మనిషి త్వరగా పోతే బాగుండు" అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఎవరితోనూ చెప్పుకోలేక తాము పాపాత్ములమని కుమిలిపోతారు. అది క్రౌర్యం వల్ల పుట్టే ఆలోచన కాదు, అలసట పరాకాష్ఠకు చేరినదనడానికి గుర్తు. తన ప్రాణం మీద విరక్తి మాటలు వినబడినా, రోగిపై చేయి లేచినా ఇక ఆలస్యం చేయక వైద్య సహాయం పొందాలి.

శరీర రక్షణ

సంరక్షకులకు మొదట దెబ్బతినేది నడుము. ఇళ్ళలోని నులకమంచాలు, నవారు మంచాలు ఎత్తు తక్కువ. రోజుకు ఇరవైసార్లు వంగవలసి వస్తుంది. పైగా నులక కుంగడం వల్ల రోగిని తిప్పడం కష్టం. గట్టి పలకల మంచం వేసి, పైన మెత్తని పరుపు పరచి, కోళ్ళ కింద కదలని చెక్కదిమ్మలు పెట్టి తన నడుము ఎత్తుకు తెచ్చుకొంటే సగం బాధ తగ్గుతుంది. రోగి తనంతట లేవగలిగినవాడైతే మాత్రం ఎత్తు పెంచరాదు, పడిపోతాడు. తిప్పేటప్పుడు చంకల కింద పట్టి లాగరాదు. మడిచిన దుప్పటిని ముందుగా రోగి వీపు, తొడల కింద పరచి, ఇరువైపులా ఇద్దరు అంచులు పట్టుకొని, మోకాళ్ళు వంచి జరపాలి. ఇద్దరి పని ఒక్కరు చేయబోయి మంచాన పడినవారు ఎందరో ఉన్నారు.

పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క మార్చాలని వైద్యులు చెబుతారు. రాత్రివేళ ఇది ఒక్కరే చేస్తే ఆ మనిషికి నిద్ర అన్నదే ఉండదు. గాలిపరుపు వాడితే ఈ వ్యవధిని ఎంతవరకు పెంచవచ్చునో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. కరెంటు పోయినప్పుడు ఆ పరుపు గాలి తగ్గుతుందన్నది గుర్తుంచుకోవాలి. వారంలో కనీసం రెండు రాత్రులు వేరొకరు వంతు తీసుకొని, సంరక్షకురాలు వేరే గదిలోనో పక్క ఇంట్లోనో పడుకోవడం అవసరం. అదే గదిలో పడుకొంటే ప్రతి మూలుగుకూ మెలకువ వస్తుంది.

భోజనం విషయంలో ఆడవారి అలవాటు తెలిసినదే. రోగికి పథ్యం వండి తినిపించి, ఇంటిల్లిపాదికి వడ్డించి, అడుగున మిగిలినది మధ్యాహ్నం మూడింటికి తింటారు. రోహిణి కార్తె ఎండలలో తీరపు ఉక్కకు చెమట విపరీతంగా పోతుంది. రోగిని వదిలి బయటికి పోనవసరం లేకుండా ఉండాలని కొందరు నీళ్ళు తాగడమే తగ్గిస్తారు. మూత్రనాళ వ్యాధులకు ఇదొక కారణం. రోగికి తినిపించకముందే తాము తినడంలో తప్పేమీ లేదు.

క్షయ రోగిని చూసుకొనేవారు గదిలో గాలి ఆడేటట్లు చూసుకొని, తామూ పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లోని వారికి ముందుజాగ్రత్త చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు తెలుస్తాయి.

పిల్లలు సంరక్షకులైనప్పుడు

దీనిని గూర్చి తక్కువగా మాట్లాడుతారు. తల్లి కూలికి పోవలసి వస్తే మంచంలో ఉన్న నాయనమ్మ దగ్గర ఉండేది ఎనిమిదో తరగతి ఆడపిల్ల. హాజరు పట్టీలో ఇది మొదట సోమవారాల గైర్హాజరుగా, తరువాత వారానికి మూడు రోజులుగా, చివరకు పేరు కొట్టివేతగా కనబడుతుంది. బడివారు దీనిని చదువుపై శ్రద్ధ లేకపోవడంగా భావించడం కద్దు. ఉపాధ్యాయులు ఇంటికి పోయి చూస్తే అసలు కారణం అయిదు నిముషాలలో తెలుస్తుంది. బడి వేళలలో పొరుగువారు, బంధువులు వంతులు వేసుకొంటే పిల్ల చదువు నిలబడుతుంది. సాయంత్రం ఆమె నాయనమ్మకు అన్నం తినిపించడం వల్ల నష్టం లేదు.

తుపాను సమయంలో

1984 నవంబరులో శ్రీహరికోట వద్ద తీరం దాటిన తుపాను, 2015 నవంబరు వర్షాలు, 2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు ప్రాంతంవారికి గుర్తున్నవే. ఊరు ఖాళీ చేయమన్నప్పుడు అందరికంటే ఆఖరున కదిలేది, కొన్నిసార్లు అసలు కదలనిది, మంచంలోని రోగి ఉన్న ఇల్లు. "ఈయనను వదిలి నేనెట్ల వచ్చేది" అని భార్య అక్కడే ఉండిపోతుంది. అందువల్ల అక్టోబరు నెలలోనే గ్రామ సచివాలయంలో రోగి పేరు, ఇల్లు, మోయడానికి ఎందరు కావాలో నమోదు చేయించడం మంచిది. మోసే నలుగురి పేర్లు ముందే అనుకోవాలి. పదిహేను రోజుల మందులు, చీటీలు, ఆధార్ ప్రతి ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచుకోవాలి. సంరక్షకుల సొంత మందులు కూడా అందులో ఉండాలి. సాధారణంగా మరచిపోయేది వాటినే. తుపాను షెల్టరులో మరుగుదొడ్డికి దగ్గరగా, గోడ పక్కన చోటు అడిగి తీసుకోవాలి.

చట్టాలు, సహాయం

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సంరక్షకులను నిర్వచించాయి; జీతం లేకుండా చూసుకొనే కుటుంబ సభ్యులు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. మొదటి చట్టం అధిక సహాయం అవసరమైన దివ్యాంగుల విషయంలో సంరక్షణ భత్యాన్ని కూడా పేర్కొన్నది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం గలవారికి వర్తిస్తుంది. దీని కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల స్థానిక కమిటీ చట్టబద్ధ సంరక్షకుని నియమిస్తుంది. "మా తరువాత ఈ బిడ్డ గతి ఏమిటి" అని నిద్ర పట్టని తల్లిదండ్రులకు ఇది ఉపయోగపడుతుంది. నిరామయ పథకం ద్వారా వీరికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉన్నది.

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో "పిల్లలు" అంటే కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు. కోడలి పేరు అందులో లేదు. ఆచరణలో పథ్యం వండేదీ, పక్క మార్చేదీ ఎక్కువ ఇళ్ళలో ఆమే.

కేరళలో 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ మొదలైనవారు ప్రారంభించిన ఉపశమన వైద్య ఉద్యమం వల్ల శిక్షణ పొందిన స్థానిక స్వచ్ఛంద సేవకులు రోగుల ఇళ్ళకు వెళ్తారు. ఆ రాష్ట్రంలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద మంచంపట్టిన రోగులను చూసుకొనేవారికి నెలకు 600 రూపాయలు ఇస్తారు. మొత్తం చిన్నదే, కాని అది సంరక్షకుల పేరున వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతం వంటి కారణాలతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారి పింఛనును 2024లో 15,000 రూపాయలకు పెంచారు. ఇది రోగి పేరున వచ్చే సొమ్ము. ఇందులోనుండి వారానికి రెండు పూటలు కూలికి మనిషిని పెట్టుకొనడం దుబారా అని బంధువులు అనవచ్చును గాని, రోగికి దానికంటే మంచి ఖర్చు అరుదు.

మనోవేదనకు టెలి మానస్ ఫోను 14416. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ సేవ ఉచితం, రాత్రింబవళ్ళు తెలుగులోనూ మాట్లాడవచ్చును. వృద్ధుల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567. ఇంట్లో అందరి ఎదుట మాట్లాడలేనివారు నీళ్ళకో, దుకాణానికో వెళ్ళినప్పుడు ఫోను చేయవచ్చును.