పశువుల కొట్టం నుంచి పెంపుడు కుక్క దాకా: యాపిల్ సైడర్ వెనిగర్ వైద్యం పుట్టుపూర్వోత్తరాలు

మనుషులకు పనిచేసిన మందును కొంత మార్చి పశువులకు వాడడం వైద్య చరిత్రలో తరచుగా కనిపించే క్రమం కాగా, యాపిల్ సైడర్ వెనిగర్ విషయంలో మాత్రం ఆ క్రమం తలకిందులైంది. కుక్క దురదకూ, చెవి దుర్వాసనకూ, పిల్లి మూత్ర సమస్యకూ ప్రకృతి వైద్యంగా నేడు అనేక దేశాల ఇళ్లలో వాడుతున్న ఈ పుల్లని ద్రవానికి ఆధునిక కాలంలో పేరు రావడానికి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రపు పాడి ఆవులు చాలావరకు కారణం. ఆ ఆవుల మేతలో కలిపి చూసిన దానిని చెవి, ముక్కు, గొంతు వ్యాధుల వైద్యుడొకరు మనుషులకు సిఫారసు చేయగా, మనుషులు దానిని తమ పెంపుడు జంతువులకు అందించారు. ఈ ప్రయాణంలో మందు మిగిలి, దాని వెనుక ఉన్న పరిశీలన మాత్రం జారిపోయింది.

యాపిల్ రసంలోని చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవులు సారాయంగా మార్చినప్పుడు సైడర్ అనే పానీయం తయారవుతుంది. దానికి గాలి తగిలితే మరొక రకం సూక్ష్మజీవి అయిన బాక్టీరియా ఆ సారాయాన్ని ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌కు పులుపునూ ఘాటునూ ఇచ్చే పదార్థంగా మారుస్తుంది. ఈ రెండవ మార్పు జీవుల పనే అన్న సంగతిని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1860లలో ప్రయోగాలతో స్థిరపరచి, 1868లో వెనిగర్ మీద ఒక గ్రంథమే ప్రచురించాడు. వడకట్టని సీసాలో అడుగున పేరుకునే మబ్బులాంటి తెట్టు ఆ బాక్టీరియా, అది అల్లిన పీచు కలిసిన ముద్ద. పాశ్చాత్యులు దానిని ‘తల్లి’ అని పిలుస్తారు. అంగడిలో దొరికే వెనిగర్‌లో ఆమ్లం సాధారణంగా 5 శాతం ఉంటుంది.

మనుషుల, పశువుల వైద్యంలో వెనిగర్ వాడుక యాపిల్ సైడర్ కంటే చాలా పాతది. గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేరిట నిలిచిన గ్రంథాలలో తేనె, వెనిగర్ కలిపిన ‘ఆక్సిమెల్’ అనే పానీయం దగ్గుకూ, కఫానికీ చెప్పబడింది. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా వ్యవసాయం గురించి రాసిన గ్రంథంలో, నీళ్లతో పాటు జలగను మింగిన ఎద్దుకు అది కడుపులోకి చేరి ఉంటే కొమ్ముతో చేసిన గొట్టం ద్వారా వేడి వెనిగర్ పోసి చంపాలని సూచించాడు. రోగాన్నీ, అది ఉన్న చోటునూ, మందు లోపలికి చేరే మార్గాన్నీ ఒకే వాక్యంలో చెప్పగల ఆ స్పష్టత తరువాతి ప్రకృతి వైద్య పుస్తకాలలో అరుదు. ఐరోపాలో 1761లో క్లోడ్ బూర్జెలా ఫ్రాన్సులోని లియోన్ నగరంలో తొలి పశువైద్య పాఠశాలను స్థాపించే వరకు గుర్రాల వైద్యం ఎక్కువగా లాడాలు కొట్టేవారి చేతిలోనే ఉండేది. బంకమన్నును వెనిగర్‌తో తడిపి వాచిన కాళ్లకు పట్టు వేయడం వారికి అలవాటైన చికిత్స.

యాపిల్ సైడర్ ఈ కథలోకి వచ్చింది అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌లో. అక్కడి వలస రైతులకు సైడర్ దినసరి పానీయం. రెండవ అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ ఉదయమే ఒక గ్లాసెడు సైడర్ తాగే అలవాటు కలవాడని ప్రసిద్ధి. సైడర్ దండిగా ఉన్న ఇంటి నేలమాళిగలో వెనిగర్ పీపా కూడా తప్పక ఉండేది, ఊరగాయలకూ, శుభ్రతకూ, మనుషుల మందుకూ, పశువుల మందుకూ దానినే వాడుకునేవారు. 19వ శతాబ్దంలో మద్యనిషేధ ఉద్యమం బలపడిన కొద్దీ సైడర్‌కు గిరాకీ తగ్గి, సైడర్ కోసమే పెంచిన తోటలు అనేకం కనుమరుగయ్యాయి. తినడానికి పనికిరాని పులుపు, వగరు కాయల రకాలతో పాటు, ఏ కాయ రసం ఏ తీరున పులుస్తుందో ఎరిగిన ఇంటి విద్య కూడా అలా తరిగిపోయింది. ఒక సమాజం పానీయాన్ని మాన్పించబోయి దానితో ముడిపడిన వ్యవసాయ జ్ఞానాన్ని కోల్పోవడం చిన్న నష్టం కాదు.

ఆ పీపా అలవాటు మిగిలి ఉన్న వెర్మాంట్ పల్లెలలోనే డాక్టర్ డి. సి. జార్విస్ (1881–1966) తన సిద్ధాంతాన్ని నిర్మించాడు. గ్రానైట్ గనులకు పేరుపొందిన బారె పట్టణంలో ఆయన చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు చికిత్స చేసేవాడు. వైద్య కళాశాలలో నేర్చినదాని కంటే చుట్టుపక్కల రైతుల ఆచారాలు ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. పశువులు తమ ఆహారాన్ని తామే ఎంచుకోగలవనీ, పుల్లని వాటి వైపు వాటి సహజ ప్రవృత్తి మొగ్గుతుందనీ, మనిషి ఆ ప్రవృత్తిని మరచిపోయాడనీ ఆయన నమ్మాడు. ఆమ్లానికీ క్షారానికీ తగినట్టు రంగు మారే కాగితపు పట్టీలతో రోగుల మూత్రాన్ని పరీక్షించి, జబ్బు రాకముందే మూత్రం క్షార గుణానికి మారుతుందని భావించాడు. రైతుల సహకారంతో పాడి ఆవులకు పూట పూటకూ మేత మీద సుమారు 60 మిల్లీలీటర్ల వెనిగర్ పోయించి, పుట్టిన దూడలు త్వరగా లేచి నిలబడుతున్నాయనీ, పొదుగు వాపు తగ్గుతోందనీ రాసుకున్నాడు. ఈ మేలు అంతటికీ వెనిగర్‌లోని పొటాషియం అనే ఖనిజమే మూలమని ఆయన తేల్చాడు.

జార్విస్ కొట్టంలో నిలబడి దూడ లేచే తీరును గమనించిన ఓపికకు గౌరవం దక్కాలి. కాని ఆయన తీర్మానం లెక్కకు నిలవదు. 100 గ్రాముల యాపిల్ సైడర్ వెనిగర్‌లో పొటాషియం సుమారు 73 మిల్లీగ్రాములే ఉంటుంది కనుక, ఆవుకు పూటకు అందినది 45 మిల్లీగ్రాముల లోపే. అదే ఆవు రోజూ తినే 10 కిలోల ఎండుగడ్డిలో పొటాషియం 100 గ్రాములకు తక్కువ కాకుండా ఉంటుంది. అదే కొట్టంలో, అదే మేత మీద, వెనిగర్ లేకుండా పెరిగిన మరికొన్ని ఆవులను పక్కన ఉంచి పోల్చకపోవడం మరింత పెద్ద లోపం. పోలిక లేని పరిశీలనలో దూడల చురుకుదనానికి వెనిగర్ కారణమో, శ్రద్ధ ఎక్కువైన రైతు పోషణ కారణమో తేల్చడం సాధ్యం కాదు.

1958లో వెలువడిన ఆయన పుస్తకం ‘ఫోక్ మెడిసిన్’ లక్షల ప్రతులు అమ్ముడై దేశవ్యాప్తంగా వెనిగర్, తేనెల వాడుకను రేపింది. 1960లో కీళ్లనొప్పుల మీద మరొక పుస్తకం వచ్చింది. ఈ పుస్తకాలను వెనిగర్-తేనె సీసాల లేబుళ్లుగా భావించి సరుకుతో పాటు జప్తు చేయాలని అమెరికా ప్రభుత్వం వాదించగా, విడిగా అమ్మిన పుస్తకాలు లేబుళ్లు కావని 1964లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఇదే కాలంలో ఇంగ్లండులో జూలియెట్ డి బైరాక్లీ లెవీ కుక్కలను మూలికలతో, సహజాహారంతో పెంచాలని పుస్తకాలు రాసింది. 1982లో పశువైద్యుడు రిచర్డ్ పిట్‌కెయిర్న్ కుక్కలు, పిల్లుల సహజ ఆరోగ్యం మీద ప్రచురించిన గ్రంథంతో ఆ ధోరణి సామాన్య గృహాలకు మరింత దగ్గరైంది. పశువుల కొట్టంలో పుట్టిన మాట ఇలా వంటింటి పక్కన నిద్రపోయే కుక్క దాకా వచ్చింది.

అయితే ఆవుకు చెప్పిన మాటను కుక్కకు అన్వయించేటప్పుడు జంతువు మారిందన్న సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కుక్క జీర్ణాశయంలోని ఆమ్లం వెనిగర్ కంటే తీవ్రమైనది కాబట్టి, నీళ్లలో కలిపిన ఒక చెంచా అక్కడ కొత్తగా చేసేదేమీ లేదు. కుక్కల మూత్రాశయంలో స్ట్రూవైట్ అనే రకపు రాళ్లకు ఎక్కువగా బాక్టీరియా సోకడమే కారణం కనుక దానికి యాంటీబయాటిక్ కావాలి; పైగా మూత్రాన్ని ఆమ్లంగా మార్చడం ఆక్సలేట్ అనే మరొక రకపు రాళ్లకు అనుకూలిస్తుంది. పిడుదులు వెనిగర్‌తో చావవు, అవి మోసుకొచ్చే టిక్ ఫీవర్ తెలుగు ప్రాంతాలలో కుక్కలకు తరచుగా వచ్చే ప్రమాదకర వ్యాధి కాబట్టి, సీసా మీద నమ్మకంతో చికిత్స ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. నీళ్లు కలపని వెనిగర్ పుండ్ల మీద మంట పుట్టించి చర్మాన్ని మరింత దెబ్బతీస్తుంది. పశువైద్యులు 2 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని అంతే బోరిక్ ఆమ్లంతో కలిపిన ద్రవాన్ని కుక్క చెవిలో పెరిగే ఈస్టు మీద వాడతారు. దానికి కూడా కర్ణభేరి చెక్కుచెదరలేదని ముందుగా చూడడం తప్పనిసరి.

వెనిగర్‌కు నిజమైన ఔషధ స్థానం మిగిలింది మళ్లీ పశువుల దగ్గరే. పశువు పొరపాటున యూరియా ఎరువును తింటే, మేతను నానబెట్టి పులియబెట్టే దాని మొదటి కడుపులోని సూక్ష్మజీవులు యూరియాను వేగంగా అమ్మోనియాగా మారుస్తాయి, ఆ అమ్మోనియా రక్తంలోకి చేరి పశువు వణికి, ఉబ్బి, గంటలలో చనిపోవచ్చు. అప్పుడు పశువైద్యులు చాలా చన్నీళ్లతో పాటు లీటర్ల కొద్దీ వెనిగర్‌ను గొట్టం ద్వారా పోస్తారు. ఆమ్లం అమ్మోనియాను రక్తంలోకి సులభంగా ఇంకని రూపానికి మారుస్తుంది, చన్నీళ్లు సూక్ష్మజీవుల వేగాన్ని తగ్గిస్తాయి. తెలుగు రాష్ట్రాల రైతులకు ఈ సంగతి దూరమైనది కాదు, ఎందుకంటే 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా చొప్పున నీళ్లలో కరిగించి చల్లి మాగబెట్టే పద్ధతి ఇక్కడ ప్రచారంలో ఉంది, ఆ ద్రావణపు బకెట్టులో ఆవు మూతి పెట్టే ప్రమాదం ప్రతి కొట్టంలోనూ ఉంటుంది.

ఈ చికిత్సకూ, కుక్క గిన్నెలో వెనిగర్ కలిపే అలవాటుకూ ఉన్న తేడా జ్ఞానంలోని తేడా. మొదటిదానిలో ఏ విషం, ఏ అవయవం, ఎంత మోతాదు, ఏ కారణం అన్నవి తెలుసు. రెండవదానిలో ప్రకృతి అన్న పేరు ఒక్కటే తెలుసు. ఇంటి వైద్యం విలువైనదే, కాని దాని విలువ ఆ జంతువును దగ్గరగా చూసి, ఫలితాన్ని పోల్చి, పొరపాటును సరిదిద్దుకునే అలవాటులో ఉంది. అలా చూసే ఇంట్లో వెనిగర్ తన పరిమితిలో ఉపయోగపడుతుంది, ఆ పరిమితి దాటిన జబ్బును పశువైద్యుడి దగ్గరికి ఆలస్యం లేకుండా తీసుకుపోవడం కూడా ఆ పరిశీలనలో భాగమే అవుతుంది.