ఎగ్మూరు ఇసుక నుంచి వ్యాసర్పాడి ట్యాబ్ దాకా

కాగితం, పలక అందరికీ అందని రోజుల్లో మన వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుకునేవారు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాచార్యుడి కంట ఈ ఇసుక రాత పడింది. రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. కాగితం ఖర్చు లేదు, తప్పు రాస్తే బెదురూ లేదు. తన బడిలో పంతుళ్లకు ఆ పద్ధతి రుచించకపోతే, అక్షరాల తరగతిని ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే కుర్రాడికి అప్పగించాడు. తరగతి గాడిన పడింది. 1797లో బెల్ దీన్ని పుస్తకంగా అచ్చు వేయించాక, పిల్లలే పిల్లలకు నేర్పే ఈ తీరు ‘మద్రాసు పద్ధతి’గా దేశదేశాలకు పాకింది.

ఆ కుర్రాడి సంగతి మనసులో పెట్టుకోండి. ట్యాబ్ కథలో తరచూ మరిచిపోయేది అతణ్నే.

చంకన పెట్టుకుని తిరిగే కంప్యూటర్ పిల్లలకు ఉండాలని 1972లో అమెరికాలో అలన్ కే ఒక వ్యాసం రాశాడు. దాని పేరు డైనాబుక్ అన్నాడు. అప్పటికి అది ఊహే. పదేళ్లకు ఆ ఊహ పారిస్‌లోని ప్రపంచ కంప్యూటర్ కేంద్రానికి చేరింది. పేద దేశాల పిల్లల చేతికి కంప్యూటర్ ఇవ్వాలన్న ఆ కేంద్రంలో ముఖ్య శాస్త్రవేత్త మన రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివినవారు. సేమూర్ పేపర్ట్, నికొలస్ నెగ్రోపాంటే అనే పరిశోధకులు కూడా అక్కడ పనిచేశారు. సెనెగల్ రాజధాని డాకర్‌లో బడిపిల్లలతో ప్రయోగాలు జరిగాయి. కేంద్రం 1986లో మూతపడింది గానీ ఆలోచన బతికే ఉంది. నెగ్రోపాంటే 2005లో వంద డాలర్ల ల్యాప్‌టాప్ అంటూ మళ్లీ ముందుకొచ్చింది అదే ఆలోచనతో.

మన దేశం వంతు 2011 అక్టోబరు 5న వచ్చింది. కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ‘ఆకాశ్’ను విడుదల చేశారు. డేటావిండ్ కంపెనీ రూపకల్పన, కూర్పు హైదరాబాద్‌లో. ప్రభుత్వానికి పడిన ధర 2,276 రూపాయలు. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. ధర తగ్గించడానికి ఒత్తితే తప్ప పలకని రకం తెర వేశారు. పైపొర వంగి కిందిపొరను తాకితేనే దానికి వేలు ఎక్కడుందో తెలిసేది. అందుకే గోరుతో నొక్కాల్సి వచ్చేది. ప్రాసెసర్ వేగం చాలక బొమ్మ ఆలస్యంగా కదిలేది. మరుసటి ఏడాది వచ్చిన ఆకాశ్-2లో తెర, ప్రాసెసర్ రెండూ మెరుగుపడ్డాయి. అప్పటికే తొలి ముద్ర పడిపోయింది.

తర్వాత దారి రెండుగా చీలింది. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లల చేతికే బైజూస్ కంపెనీ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఉపాధ్యాయులతో కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు. తమిళనాడు ముందు పంతులమ్మ వైపు చూసింది. కరోనా మిగిల్చిన చదువు లోటు పూడ్చడానికి 2022లో ‘ఎణ్ణుమ్ ఎళుత్తుమ్’ పథకం తెచ్చి, చిన్న తరగతుల పిల్లలను వయసుతో కాక వచ్చిన చదువును బట్టి అరుంబు, మొట్టు, మలర్ అనే మూడు మెట్లుగా కూర్చోబెట్టింది. ఎవరు ఏ మెట్టు మీదున్నారో యాప్‌లో చూస్తారు. 2024లో దాదాపు 80 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు ట్యాబ్‌లు మంజూరు చేసింది. నా మటుకు నాకు ఈ రెండో దారే నచ్చింది. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో టీచరుకు తెలిస్తే సగం పని అయినట్టే.

అయితే ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడి లాంటి చోట ఒక చిక్కు మిగిలే ఉంది. బకింగ్‌హామ్ కాలువ పక్కన, కూలీలూ మిల్లు కార్మికులూ కట్టుకున్న పేట ఇది. ఉత్తర చెన్నైలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. 2006లో తమిళనాడు చట్టం తెచ్చాక బడిలో తమిళం తప్పనిసరి. తమిళం రావాల్సిందే, అది వాళ్ల బతుకుదెరువు భాష. కానీ ‘అమ్మ’ అని తెలుగులో రాయడం రాకుండానే చాలామంది పెరిగిపోతున్నారు.

దారి లేక కాదు. 2017లో మొదలైన ప్రభుత్వ పాఠాల యాప్ దీక్ష ఉచితం. తమిళ పాఠాలు ఉన్నచోటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తెలుగు పాఠాలూ ఉన్నాయి. బోర్డు మార్చి, మాధ్యమం తెలుగు అని నొక్కి, ఒకటో తరగతి ఎంచుకుంటే చాలు, అక్షరమాల తెరుచుకుంటుంది. ఇంట్లో ఉన్న ఫోనే సరిపోతుంది. లేనిదల్లా నాటి ఫ్రిస్కెన్‌లా పక్కన కూర్చుని ‘ఇలా కాదురా, కొమ్ము ఇటు తిప్పు’ అనే అక్కో అన్నో.

చెన్నైలోని తెలుగు సంఘాలకు నా విన్నపం ఒకటే. ఉగాది సభకు పెట్టే ఖర్చులో కొంత పక్కన పెట్టండి. తెలుగు చదవగల కాలేజీ పిల్లల్ని ఆదివారం ఒక గంట వ్యాసర్పాడికి పంపండి. వాళ్ల దారి ఖర్చు మీరు పెట్టుకోండి.